వేరే బ్యాంకుకు ఇచ్చిన వాల్యుయేషన్ రిపోర్ట్‌ను మీ పేరు మీదకి మార్చమంటున్నారు: ఫిర్యాదు

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,
మీ హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ హెడ్ ఆఫీసు, హైదరాబాద్.

నమస్కారం సార్. నేను హనుమకొండలో ఉంటాను. సివిల్ ఇంజనీర్‌ని, ఐబీబీఐ (వాల్యుయర్లను రిజిస్టర్ చేసే కేంద్ర సంస్థ) దగ్గర భూములు, భవనాల విభాగంలో రిజిస్టర్ అయిన వాల్యుయర్‌ని, అంటే ఆస్తులకు విలువ కట్టేవాణ్ని, మీరు పని ఇచ్చే వాల్యుయర్ల ప్యానెల్‌లో కూడా నా పేరుంది. మీ ఇక్కడి బ్రాంచిలో క్రెడిట్ చూసే అధికారి, ఆయన పైన మేనేజర్ నా మీద పెడుతున్న ఒత్తిడి గురించి ఈ ఫిర్యాదు. ఫోన్లో చెప్పాను, వాట్సాప్‌లో చెప్పాను, వినలేదు, అందుకే మీదాకా వస్తున్నాను.

హంటర్ రోడ్డు వైపు ఒక ఇంటికి కొన్ని నెలల కింద నేను ఒక బ్యాంకు కోసం వాల్యుయేషన్ చేశాను. పని అప్పగించింది ఆ బ్యాంకు, ఫీజు ఇచ్చింది ఆ బ్యాంకు, రిపోర్ట్ మొదటి పేజీలో ఉన్న పేరూ ఆ బ్యాంకుదే. ఇప్పుడు ఆ ఇంటాయన లోన్ మీ దగ్గరికి మార్చుకుని దాని మీద కొంత టాప్-అప్ (అదనపు లోన్) తీసుకుందామనుకున్నారు. అది ఆయన హక్కు. కానీ మీవాళ్లు నాకు కొత్తగా వర్క్ ఆర్డర్ ఇవ్వలేదు. లోన్ ఏజెంట్ ఎక్కడినుంచో సంపాదించిన నా పాత రిపోర్ట్ పీడీఎఫ్‌ను నాకే పంపి, ‘బ్యాంకు పేరు తీసేసి మా కంపెనీ పేరు పెట్టండి, డేట్ ఈ నెలది వేయండి, వాల్యూ కొంచెం పెంచండి, వరద నీళ్ల గురించి రాసిన పేరా తీసేయండి, సాయంత్రం లోపల కావాలి’ అని మెసేజ్ పెట్టారు. ఆ మెసేజ్ నా దగ్గర భద్రంగా ఉంది.

ఒక్కొక్కటీ చెబుతాను. ముందు పేరు. ఆ రిపోర్ట్‌ను నేను ఎవరి కోసం, ఏ అవసరం కోసం, ఏ తేదీ నాటి పరిస్థితిని బట్టి రాశానో అందులోనే ఉంది. నా బాధ్యత ఆ బ్యాంకుకు. అందులో సర్వే నంబరో, గజాల లెక్కో తప్పు పడిందని మీవాళ్లు నిజంగా చూపిస్తే, నేను సరిచూసుకుని ఆ బ్యాంకుకే సవరణ పంపుతాను, అది నా డ్యూటీ, ఒక్క రూపాయి కూడా అడగను. అంతేగానీ మీరు అడిగారని ఆ రిపోర్ట్‌లో ఒక అక్షరం కూడా మార్చలేను. మీ మేనేజర్ ‘ఆ బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ తెస్తే మారుస్తారా’ అని అడిగారు, అంటే అభ్యంతరం లేదని ఆ బ్యాంకు ఇచ్చే లెటర్. ఎన్‌ఓసీ వచ్చినా ఆ పని నేను చేసింది ఆ బ్యాంకు కోసమే అన్న సంగతి మారదు కదా. అమెరికాలో వాల్యుయర్లు పాటించే యూస్‌పాప్ ప్రమాణాలూ ఇదే చెబుతాయి: ఒకరికి ఇచ్చేసిన రిపోర్ట్‌ను ఇంకో లెండర్ పేరు మీదకి మార్చి ఇవ్వకూడదు, మొదటి లెండర్ ఒప్పుకుని లెటర్ ఇచ్చినా సరే, కొత్త లెండర్‌తో కొత్త పనిగానే మొదలుపెట్టాలి.

ఇక డేట్. ఇల్లు మళ్లీ చూడకుండా ఈ నెల తేదీ వేస్తే, నేను ఈ నెల ఆ ఇంట్లోకి వెళ్లి చూశానని అబద్ధం రాసినట్టు. ఈలోపు పైన ఇంకో అంతస్తు లేచిందో, పక్క గోడ సెట్‌బ్యాక్‌లోకి (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలోకి) జరిగిందో నాకేం తెలుసు? సంతకం పెట్టేది నేను, రేపు లోన్ మొండిబాకీ అయితే మీ లీగల్ వాళ్లు మొదట పట్టుకునేదీ నన్నే.

వాల్యూ ఎందుకు పెంచమంటున్నారో కూడా నాకు అర్థమైంది. 30 లక్షల పైన 75 లక్షల దాకా ఇంటి లోన్ అయితే విలువలో 80 శాతం మించి ఇవ్వకూడదని ఆర్‌బీఐ పెట్టిన హద్దు. ఆ ఇంటి లెక్క ఈ లెటర్లో రాయను, అది మొదటి బ్యాంకు నమ్మి చేయించుకున్న పని. ఉదాహరణకి చెబుతాను, 56 లక్షలు ఇవ్వాలంటే విలువ కనీసం 70 లక్షలు ఉండాలి. అంటే మీరు ఇవ్వదలచుకున్న లోన్ ముందే ఖాయం చేసుకుని, దానికి సరిపోయే విలువ నాచేత రాయించుకోవడం. 2017 నాటి రిజిస్టర్డ్ వాల్యుయర్ల నిబంధనల్లో మాకు ప్రవర్తనా నియమావళి ఉంది. క్లయింట్‌కు అనుకూలంగా కన్వీనియన్స్ వాల్యుయేషన్ చేయకూడదని అందులో స్పష్టంగా రాసి ఉంది.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఆ వరద పేరా సంగతి. మీ మెసేజ్‌లోనే దాని ప్రస్తావన ఉంది కాబట్టి మాట్లాడుతున్నాను. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో హంటర్ రోడ్డు వైపు కాలనీలు ఎట్లా మునిగాయో వరంగల్‌లో అడిగితే ఎవరైనా చెబుతారు. జనాన్ని పడవల్లో బయటికి తెచ్చారు. నాలా పొంగితే నీళ్లు ఎంతదాకా వచ్చాయో గోడల మీద మరకలు చూసి, ఇరుగుపొరుగును అడిగి రాసుకోవడం నా పనిలో భాగం. అది కొనేవాళ్ల ధరను తగ్గిస్తుంది, ఇన్సూరెన్స్‌కు పనికొస్తుంది, రేపు ఆ ఇల్లు అమ్ముకోవాల్సి వస్తే మీకే పనికొస్తుంది. దాన్ని తీసేస్తే మోసపోయేది మొదట మీ కంపెనీనే, ఈ సంగతి మీ బ్రాంచి వాళ్లకు ఎందుకు పట్టట్లేదో నాకు అర్థం కావట్లేదు. ఒక ఊరి మనుషులు మోకాళ్ల లోతు నీళ్లలో పిల్లల్ని ఎత్తుకుని నడిచిన సంగతి టార్గెట్ కోసం చెరిపేయమని అడగడం చాలా తప్పు సార్.

నేను కాదన్నాక ఇంకో పని చేశారు. ‘మీ వాల్యుయర్ సహకరించట్లేదు, అందుకే ఆలస్యం’ అని ఆ ఇంటాయనకు చెప్పారు. పాపం ఆయన టెన్షన్‌తో మా ఇంటికొచ్చి ‘అన్నా, జర చూడు, పాపకు ఫీజు కట్టాలె’ అని బతిమాలుకున్నారు. ఆయనకు అసలు విషయం ఎవరూ చెప్పలేదు. కొత్త వాల్యుయేషన్‌కు ఆర్డర్ ఇచ్చి ఉంటే ఈపాటికి పని అయిపోయేది. పైగా నాకేమో ‘ప్యానెల్ రివ్యూ దగ్గర్లోనే ఉంది, ఆలోచించుకోండి’ అన్నారు.

నేను పని చేయనని అనట్లేదు. మీ కంపెనీ పేరు మీద వర్క్ ఆర్డర్ ఇవ్వండి, ఇదే ఇంటికి ముందు ఇంకో లెండర్ కోసం పని చేశానని రాతపూర్వకంగా చెబుతాను, మళ్లీ వెళ్లి కొలుస్తాను, ఈ మధ్య చుట్టుపక్కల జరిగిన అమ్మకాలు చూస్తాను, ఆ రోజుకు ఎంత తేలితే అంత రాస్తాను. పెరగొచ్చు, తగ్గొచ్చు. నీళ్ల సంగతి మాత్రం అందులోనూ ఉంటుంది. అది ఇష్టం లేకపోతే మీ ప్యానెల్‌లో వేరే వాల్యుయర్‌కు ఇవ్వండి, నాకేం అభ్యంతరం లేదు.

మీ నుంచి నాకు కావాల్సినవి ఇవి. నా పాత రిపోర్ట్ పీడీఎఫ్ మీ ఫైల్లోంచి, ఏజెంట్ల ఫోన్లలోంచి తీసేయించి, దాని ఆధారంగా లోన్ ఇవ్వబోమని రాసివ్వండి. ఆలస్యం ఎవరివల్ల అయిందో ఆ ఇంటాయనకు మీ బ్రాంచి నుంచే లెటర్ వెళ్లాలి. ఇకమీదట వాల్యుయర్లతో రిపోర్ట్ గురించి ఏం మాట్లాడినా ఈమెయిల్‌లోనే మాట్లాడాలని మీ స్టాఫ్‌కు చెప్పండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే ఆ మెసేజ్ కాపీలు జతచేసి మీలాంటి హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీల మీద పర్యవేక్షణ ఉన్న నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు రాస్తాను, రిపోర్ట్ బయటికి పోయిన సంగతి మొదటి బ్యాంకుకు ఇప్పటికే తెలియజేశాను.

ఇట్లు,
మీ ప్యానెల్ వాల్యుయర్,
హనుమకొండ.