సమాధుల తోట గేటు కాడ సిద్ధాంత పరీక్షనా?

సంపాదకుడు గారికి నమస్కారం,

మొన్న క్రిస్మస్ ముందు మీ జిల్లా పేజీలో ఒక పాస్టర్ గారు రాసిన వ్యాసం చదివిన. యేసు ప్రభువు బేత్లెహేములో పుట్టకముందు లేడు అనేటోళ్లు క్రైస్తవులే కారు, వాళ్లది పాత ఏరియస్ బోధ, నిసియా సభ ఎప్పుడో వాళ్ల నోరు మూయించింది అని రాసిండ్రు. నేను పాస్టర్ని కాదు, బైబిల్ కాలేజీ మొఖం చూసినోణ్ణి కాదు, ఎనుమాముల మార్కెట్ల అడ్తి దుకాణంల లెక్కలు రాసుకునే గుమస్తాను. కానీ ఈ ముచ్చట మా ఇంట్ల ఇరవై ఏండ్లు నడిచింది, పోయిన వానకాలం బొందల గడ్డ దాకా పోయింది, అందుకే రాస్తున్న.

మా మేనమామ కాజీపేటల రైల్వే నౌకరీ చేసి రిటైర్ అయిండు. బాప్టిస్టు కుటుంబంల పుట్టినోడే, కానీ చదివీ చదివీ ఆయనకు ఒక నమ్మకం కుదిరింది, యేసు మరియమ్మ గర్భంలనే మొదలైండు, అంతకుముందు దేవుని ఆలోచనల ఉన్నడు తప్ప మనిషిగానో దేవదూతగానో ఎక్కడా లేడు అని. నేను అట్ల నమ్మను, ఇది ముందే చెప్తున్న. యేసు ఆది నుంచీ తండ్రి దగ్గర ఉన్నడనే నా విశ్వాసం. అయినా వ్యాసంల రాసింది తప్పు.

ఏరియస్ చెప్పింది అది కానే కాదు సారూ. ఐగుప్తు దేశం అలెగ్జాండ్రియాల సంఘ పెద్దగా ఉన్న ఏరియస్, కుమారుడు లోకం కంటె ముందే ఉన్నడనే చెప్పిండు, కాకపోతే తండ్రి ఆయనను చేసిండు, ఆయన లేని సందర్భం ఒకటుండె అన్నడు. 325ల కాన్‌స్టంటైన్ చక్రవర్తి బిషపులను పిలిపించి పెట్టిన నిసియా సభల కొట్లాట అంతా దాని మీదనే, కుమారుడు సృష్టించబడ్డడా, లేక తండ్రి సారమే ఆయనదా అని. మరియమ్మ కంటె ముందు ఉన్నడా లేడా అని ఏరియస్‌కూ, తర్వాత ఆయన బోధ మీద జీవితమంతా కొట్లాడిన అలెగ్జాండ్రియా బిషపు అథనాసియస్‌కూ నడుమ తగాదనే లేదు, ఇద్దరూ ఉన్నడనే అన్నరు. ఇయ్యాల ఏరియస్‌కు దగ్గరగా చెప్పేది యెహోవా సాక్షులు, వాళ్ల లెక్కల యేసు మొదటి సృష్టి, మిఖాయేలు దూత ఆయననే. మా మామది వేరే దారి. అది నిసియా కంటె పాతది, అంతియొకయ బిషపు సమోసటా పౌలును (అపొస్తలుడు పౌలు కాదు) 268ల పదవి నుంచి తీసేసింది దగ్గరదగ్గర ఇట్లాంటి బోధకే. మళ్ల 1600ల కాలంల పోలండ్ దేశంల, సోసినస్ అనే ఇటలీ పండితుని వెనుక నడిచినోళ్లు అదే అన్నరు, రాకోవ్ పట్నంల 1605ల వాళ్ల ప్రశ్నోత్తరాల పుస్తకం కూడా అచ్చయింది, క్రిస్టడెల్ఫియన్లు అనే చిన్న క్రైస్తవ గుంపు ఇప్పటికీ అంటనే ఉన్నరు. ఒప్పా తప్పా అన్నది వేరే మాట, ఒకని మీది నేరం ఇంకొకని మీద రాస్తే ఎట్ల?

మామకూ నాకూ ఆదివారం మధ్యాహ్నం భోజనం అయినంక మొదలయ్యేది. అత్తమ్మ చాయ్ పెట్టి, ఇగ మొదలువెట్టిండ్రు ఇద్దరు, అని లోపలికి పోయేది. మామ బైబిల్ల అంచుల నిండ పెన్సిల్ రాతలే. ఆయన ముందుగాల లూకా తీసేది, గబ్రియేలు మరియమ్మతోని చెప్పిన మాట, పరిశుద్ధాత్మ నీ మీదికి వస్తది "గనుక" పుట్టబోవు శిశువు దేవుని కుమారుడనబడును అని ఉంటది కదా, ఆ గనుక కింద మూడు గీతలు కొట్టి పెట్టుకున్నడు. చూడు అల్లుడా, ఎందుకు కుమారుడైండో దూతనే చెప్పె, ముందు నుంచే కుమారుడైతే గనుక ఎందుకు వస్తది అనేది. మత్తయిల లేదు, లూకాల లేదు, మార్కు బాప్తిస్మం కాడ మొదలువెడ్తడు, పుట్టకముందు ముచ్చట మీరంతా యోహాను నుంచే తెస్తరు అనేది.

సరే యోహానే తీద్దాం అంటే, ఆయన దగ్గర దానికి కూడా ఒక మెలిక ఉండె, నాకు మస్తు నచ్చిన మెలిక. మన తెలుగుల వాక్యం అంటే "అది" అంటం. కానీ మన బైబిల్ల "ఆదియందు వాక్యముండెను" అని చెప్పి రెండో వచనంకే "ఆయన ఆదియందు దేవునియొద్ద ఉండెను" అని వస్తది. గ్రీకుల వాక్యానికి ఉన్న లోగోస్ అన్న పదం పుంలింగం, ఆ వ్యాకరణం లెక్కన అక్కడి సర్వనామం కూడా పుంలింగమే, అంతమాత్రాన మనిషి అని కాదు అనేది మామ. ఊకనే అన్న మాట కాదు, నేను తర్వాత తెలుసుకున్న, ఇంగ్లీషుల టిండేల్ 1526ల చేసిన తర్జుమాల మూడో వచనంల సమస్తం "దాని" వల్ల కలిగినయనే ఉంది, 1611ల కింగ్ జేమ్స్ బైబిల్ల "ఆయన" అయింది. టిండేల్ ఏమన్న యేసు ముందు లేడన్నడా? అనలే. అంటే ఒక్క సర్వనామంతోని ఇటు మామ గెలవడు, అటు మనం గెలవం.

నేను మాత్రం ఎనిమిదో అధ్యాయం కాడ ఇడ్వకపోతుంటి. "అబ్రాహాము పుట్టకమునుపే నేను ఉన్నాను" అన్నడు కదా మామా అంటే, దానికి రెండు వచనాల పైన చూడు, అబ్రాహాము నా దినము చూతునని ఆనందించెను అని ఉంది, ముందు చూపుతోని చూసిండు, దేవుని ప్లాన్ల యేసు అబ్రాహాము కంటె ముందే ఉన్నడు, జగదుత్పత్తి మొదలుకొని వధింపబడిన గొర్రెపిల్ల అని ప్రకటనల ఉండె, మరి అప్పుడే సిలువ వేసిండ్రా అనేది. ప్లాన్ గురించి చెప్తే యూదులు రాళ్లెందుకు ఎత్తిండ్రు మామా అని నేను అడిగితే చాయ్ తాగుకుంట నవ్వేది, జవాబు మాత్రం ఇయ్యకపోయేది. ఫిలిప్పీయుల పత్రికల "తన్ను తానే రిక్తునిగా చేసికొనెను" అని ఉంది, అసలు లేనోడు రిక్తుడెట్ల అయితడు అని ఇంకో ఆదివారం పట్టుకున్న, అది ఆదాముతోని పోలిక, ఆదాము దేవునితోని సమానం కావాలనుకున్నడు, ఈయన అనుకోలే, అంతే అన్నడు. ఆయన సొంతంగ అల్లుతున్నడు అనుకున్న గానీ, జేమ్స్ డన్ అని పెద్ద పండితుడు 1980ల అచ్చయిన పుస్తకంల ఆ వచనానికి దగ్గరదగ్గర ఇదే చెప్పిండట, ఆయనే మళ్ల యోహానుల మాత్రం పుట్టుకకు ముందు ఉనికి ఉంది అని ఒప్పుకున్నడు.

ఇంత రాసింది ఎందుకంటే, ఇది తాగి ఒర్రే ముచ్చట కాదు, బైబిల్ మీద ప్రాణం పెట్టినోళ్ల ముచ్చట. పోనీ మన దగ్గర అందరం ఒకే ప్రమాణం చదువుతమా అంటే అదీ లేదు. కాజీపేట ఫాతిమానగర్ల కతోలికులు పూజల విశ్వాస ప్రమాణం చెప్తరు, సీఎస్ఐ వాళ్ల ఆరాధనల ఉంటది. మా బాప్టిస్టులకు ఆ అలవాటే తక్కువ, మాకు బైబిలే ప్రమాణం అంటం. నిసియాకు 1700 ఏండ్లు 2025ల నిండినయి, ఆ సభల రాసిన ప్రమాణం ఒక్కసారి కూడా నోటితోని చదవని సంఘం పెద్దలే నిసియా పేరు చెప్పి ఒక శవాన్ని ఆపిండ్రు.

అవును, ఆపిండ్రు. మామ చనిపోయిన రోజు ఫ్రీజర్ బాక్స్ ఇంటి ముందట పెట్టినం, ముసురు వాన, కరెంటు వచ్చుడు పోవుడు. గుంత తవ్వేటందుకు పోయిన పిల్లగాండ్లు వాపస్ వచ్చి గేటుకు తాళం ఏసిండ్రు అని చెప్పిండ్రు. పోయి అడిగితే దుర్బోధకునికి సమాధుల తోటల జాగ లేదు, ప్రభువు పూర్వం ఉన్నడని కుటుంబం కాయితం రాసిస్తే ఆలోచిస్తం అన్నరు. చనిపోయినోని తరఫున విశ్వాసం రాసిచ్చుడు ఏ గ్రంథంల ఉంది? నేనే నమ్ముతున్న, నేను సంతకం పెట్టొచ్చు, కానీ మామ పేరు మీద ఎట్ల పెట్టాలె? మూడు గంటలు అయినంక, గోడ పొంట తుమ్మ చెట్టు కింద ఒక మూల చూపెట్టిండ్రు, భూస్థాపనకు ఎవ్వరూ రాలే, వాక్యం నేనే చదివిన.

ఆ జాగ ఏ ఒక్క సంఘానిది కాదు. సర్కారు ఇచ్చింది, కాయితాలల్ల క్రైస్తవ శ్మశానవాటిక అనే ఉంది. సంఘంల సభ్యత్వం ఎవరికి ఇయ్యాలె, ప్రభువు బల్ల ఎవరికి ఇయ్యాలె, పుల్పిట్ ఎవరికి ఇయ్యాలె అన్నది పాస్టర్ల ఇష్టం, అండ్ల నేను ఏలు పెట్టను, మామను సంఘం నుంచి తీసేసినప్పుడు కూడా నేను మాట్లాడలే. గేటు తాళం చెవి మాత్రం వాళ్ల చేతుల ఉండొద్దు. అది పంచాయతీ దగ్గర ఉండాలె, జాగ ఎవరిదో, ఎవరిని పెట్టొచ్చో ఒక బోర్డు రాసి గేటు మీద పెట్టాలె. దీని మీద మీ రిపోర్టర్ ఒక్కసారి వచ్చి చూస్తే మంచిగుంటది, మా ఒక్క ఊళ్లెనే అని నేను అనుకుంటలేను.

ఇంకా రాయి పెట్టలే. అత్తమ్మ "ఆ వాక్యము శరీరధారియై" అని చెక్కించుమంటది, అది మామకూ ఇష్టమైన వచనమే, నాకూ ఇష్టమే, గేటుకు తాళం ఏసినోళ్లు కూడా క్రిస్మస్‌కు ఫ్లెక్సీ మీద అదే రాపిచ్చిండ్రు. రాయి చెక్కేటాయన అడ్వాన్స్ తీసుకున్నడు, సంక్రాంతి అయినంక చేస్తనన్నడు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హన్మకొండ