ఎర్రమంజిల్ నిజాం ప్యాలెస్ కాదు

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం మీ సిటీ పేజీలో ఎర్రమంజిల్ ఫొటో వేసి, కింద 'శిథిలమవుతున్న నిజాం ప్యాలెస్' అని రాశారు. సవరణ వేస్తారేమోనని చూశాను. వేయలేదు కాబట్టి ఈ ఉత్తరం.

అది నిజాం కట్టించింది కాదు. ఆయన ప్రభుత్వంలో మంత్రిగా చేసిన నవాబ్ ఫక్రుల్ ముల్క్ తన కోసం కట్టించుకున్న ఇల్లు. 150కి పైగా గదులున్న ఇల్లు. తర్వాత ప్రభుత్వం చేతికి వచ్చి, ఇంజనీర్ల ఆఫీసులయ్యింది. ఆ గదుల్లో ఏళ్ల తరబడి ఫైళ్లు కదిపినవాళ్లకైనా ఆయన పేరు తెలుసో లేదో.

హైదరాబాద్‌లో పాత మేడ ఏది కనిపించినా నిజాందే అనేయడం అందరికీ అలవాటైపోయింది. ఫలక్‌నుమాను 1884లో మొదలుపెట్టింది 'పైగా' అనే ప్రభువుల వంశానికి చెందిన నవాబు వికారుల్ ఉమ్రా. ఆరో నిజాంకు దక్కింది ఆ తర్వాతే. ఏడో నిజాం 1967లో కన్నుమూసిన కింగ్ కోఠిని మొదట కట్టుకున్నది కమాల్ ఖాన్. హిల్‌ఫోర్ట్ ప్యాలెస్ అయితే హైకోర్టు జడ్జి నిజామత్ జంగ్ 1915లో కట్టుకున్నది. జనానికి మాత్రం అది పాత రిట్జ్ హోటల్, అంతే!

2019 జూన్‌లో ఎర్రమంజిల్‌ను కూల్చి కొత్త శాసనసభ కడతామని మంత్రివర్గం నిర్ణయించినప్పుడు, మా వీధిలోనే 'పాత ఆఫీసు బిల్డింగే కదా, పోతే ఏం' అన్నవాళ్లున్నారు. ఎవరిల్లో తెలియకపోతే అలాగే అనిపిస్తుంది. కొందరు కోర్టుకెక్కబట్టి సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. మరి ఆ తర్వాత అధికారులు చేసిందేమిటి? పెచ్చులూడిన గోడలు, పగుళ్లలో మొలిచిన మొక్కలు మీ ఫొటోలోనే ఉన్నాయి. ఏటా ఏప్రిల్ 18న వారసత్వ దినమంటూ ఉపన్యాసాలిస్తారు. గోడ మీద మొక్క పీకించడానికి మాత్రం ఎవరికీ తీరిక ఉండదు. మెట్రో స్టేషన్‌కు ఆ పేరు పెట్టారు, సంతోషం. అది ఒక ఇంటి పేరని రోజూ దిగేవాళ్లలో ఎంతమందికి తెలుసు?

పత్రికల తీరు చూసినా బాధగానే ఉంది. ఒకప్పుడు ఊరి చరిత్ర తెలిసిన పెద్దమనిషి ఒకరు డెస్కులో ఉండేవారు. ఇప్పుడు ఫోన్లో ముందు కనిపించిందే అచ్చవుతోంది. పిల్లలు దాన్నే ప్రాజెక్టుల్లో రాసుకుంటున్నారు.

దయచేసి సవరణ వేయండి, ఫొటో వేసిన పేజీలోనే. గేటు దగ్గర ఎవరు కట్టించారో, తర్వాత ఎవరి చేతికి వెళ్లిందో తెలుగులోనూ ఉర్దూలోనూ బోర్డు పెట్టమని సంబంధిత శాఖను మీరే అడగండి. మాలాంటివాళ్లు అర్జీలు పెడితే వాటికి జవాబు కూడా రావడం లేదు.

— ఒక పాఠకుడు, ఖైరతాబాద్, హైదరాబాద్