వార్షిక నివేదిక: ఛాతీ నొప్పి తొలి గంటలో మన పని

సభ్యులందరికీ నమస్కారం.

ఎమర్జెన్సీ విభాగాల్లోనూ ల్యాబుల్లోనూ పనిచేసే మనందరి సంఘం ఈ ఏడాది చేపట్టిన కార్యక్రమాలను మీ ముందు ఉంచుతున్నాం. గుండెపోటు అనుమానంతో వచ్చిన రోగికి తొలి గంటలో జరిగే పరీక్షల మీదే ఈసారి మన శక్తి చాలావరకు పెట్టాం. దానికి కారణం ఉంది. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రోటీన్ ట్రోపోనిన్; దాని హై సెన్సిటివిటీ (అతి తక్కువ మోతాదునూ పట్టే) పరీక్ష లీటరుకు నాలుగైదు నానోగ్రాముల దాకా పట్టుకుంటోంది. రోగిని ఇంటికి పంపాలా, చేర్చుకోవాలా అన్నది రెండు మూడు నానోగ్రాముల తేడా మీద తేలుతోంది. అంత సన్నని కొలతలో రక్తం ఎలా తీశారు, ఎప్పుడు తీశారు, ట్యూబ్ ఎంతసేపు బల్ల మీద ఉంది అన్నవన్నీ అంకెలోకి వచ్చి చేరతాయి. ఎనలైజర్‌లో ట్యూబ్ పెట్టకముందు జరిగే పనిలోనే ఇవాళ ఎక్కువ పొరపాట్లకు చోటుందని, సంఘం అక్కడే నిలబడి పనిచేయాలని కార్యవర్గం నమ్మింది.

ఈ నివేదికలోని ట్రోపోనిన్ విలువలన్నీ లీటరుకు నానోగ్రాముల్లో ఉన్నాయి. కొన్ని ల్యాబులు ఇప్పటికీ మిల్లీలీటరుకు లెక్కన రిపోర్టు ఇస్తున్నాయి. అక్కడి 0.014, ఇక్కడి 14 ఒకటే. ఒక ల్యాబు నుంచి మరో ల్యాబుకు రోగి మారినప్పుడు ఈ తేడా గమనించకపోతే వెయ్యి రెట్ల తప్పు జరుగుతుంది. రిపోర్టులో యూనిట్ పెద్ద అక్షరాల్లో ఉండాలని, దశాంశాలు లేని పూర్ణాంకాలే ఇవ్వాలని సభ్య ల్యాబులన్నిటినీ కోరాం.

ముందుగా ఈసీజీ

ట్రోపోనిన్ గురించి ఎంత మాట్లాడినా, దాని కోసం ఆగకూడని రోగులు ఉన్నారు. ఛాతీ నొప్పితో వచ్చిన మనిషికి 10 నిమిషాల్లో 12 లీడ్ల ఈసీజీ తీసి, చదవగలిగినవారు చూడాలి. ఎస్‌టీ అనే ఈసీజీ భాగం ఎత్తు పెరిగిన గుండెపోటు అని తేలితే రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా చికిత్స ఆపే ప్రశ్నే లేదు. నిర్ధారణ అయిన 120 నిమిషాల్లోపు యాంజియోప్లాస్టీ జరిగే వీలుంటే క్యాథ్ ల్యాబుకు పంపాలి. ఆ వీలు లేకపోతే, మందు ఇవ్వకూడని కారణాలు లేవని చూసుకుని, 10 నిమిషాల్లో గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదలుపెట్టి, ఆ వెంటనే యాంజియోప్లాస్టీ వసతి ఉన్న చోటికి తరలించాలి.

ఈసీజీ శిక్షణలో ఎక్కువ సమయం లీడ్లు పెట్టే చోటు మీదే గడిచింది. వీ1, వీ2 లీడ్లు నాలుగో పక్కటెముకల సందులో ఉండాలి. తరచూ రెండో సందులో పెట్టేస్తారు. అప్పుడు ఆర్ తరంగం చిన్నదై, లేని పాత గుండెపోటు ఉన్నట్టు కనిపిస్తుంది. చేతుల లీడ్లు తారుమారైతే ఒకటో లీడ్ తలకిందులవుతుంది, ఏవీఆర్ అనే లీడ్ నిటారుగా వస్తుంది; ఏవీఆర్‌లో తరంగం పైకి ఉంటే ముందు వైర్లు చూడండి. మెషీన్ ఫిల్టర్ విషయం మరీ తరచుగా వదిలేస్తున్నారు. కింది ఫిల్టర్‌ను 0.05 హెర్ట్జ్ దగ్గర కాకుండా మానిటర్ మోడ్‌లోని 0.5 దగ్గర ఉంచితే కొన్ని మెషీన్లలో ఎస్‌టీ భాగమే వంకరపోతుంది. గీత నిలకడగా అందంగా వస్తుంది, చదవాల్సినది మాత్రం చెడిపోతుంది. కింది భాగపు గుండెపోటులో కుడి ఛాతీ మీద వీ4ఆర్, వీ1 నుంచి వీ3 వరకు ఎస్‌టీ కుంగినప్పుడు వీపు మీద వీ7 నుంచి వీ9 లీడ్లు తీయడం అలవాటు కావాలి.

గడియారాలు

చిన్న విషయంలా అనిపించినా ఈ ఏడాది మనం పట్టుబట్టి చేయించిన పని ఇదే. ఈసీజీ మెషీన్, రిజిస్ట్రేషన్ కంప్యూటర్, ల్యాబ్ సాఫ్ట్‌వేర్, డీఫిబ్రిలేటర్, గోడ గడియారం: ఈ ఐదూ ఒకే సమయం చూపడం అరుదు. ఐదు నిమిషాల తేడా ఉన్న రెండు గడియారాలతో 10 నిమిషాల లక్ష్యం అందుకున్నామో లేదో లెక్కించలేం. కొందరికి రాకముందే ఈసీజీ తీసినట్టు లెక్క తేలుతుంది. వారానికోసారి అన్నిటినీ ఒకే సర్వర్ సమయానికి సరిచేసి, తేడాను రిజిస్టరులో రాయాలి. పరిశోధన కోసం సమాచారం సేకరించే చోట ఆ రిజిస్టరు లేకుండా విశ్లేషణ మొదలుపెట్టవద్దని మన అధ్యయన బృందం నియమం పెట్టుకుంది.

ట్రోపోనిన్‌కూ ఇదే వర్తిస్తుంది. రోగి రాగానే ఒకసారి, గంటకు మరోసారి రక్తం తీసి పోల్చే 0/1 గంట పద్ధతిలో సున్నా అంటే రక్తం తీసిన క్షణం, ట్యూబ్ ల్యాబులో స్కాన్ అయిన సమయం కాదు. రెండో నమూనా 100 నిమిషాలకు తీసి, దానికి 1 గంట గీతలు (నిర్ణయ హద్దులు) వాడితే మామూలుగా నెమ్మదిగా పెరిగిన విలువ కూడా ఎక్కువ పెరిగినట్టు కనిపిస్తుంది. తీసినవారే మంచం పక్కన సమయం రాయాలి.

0/1 గంట పద్ధతి: మనం ఒప్పుకున్న పాఠం

యూరోపియన్ గుండెవైద్య సంఘం మార్గదర్శకాల ప్రకారం ఎలెక్సిస్ ట్రోపోనిన్ టీ పరీక్షలో గీతలు ఇవి. నొప్పి మొదలై 3 గంటలు దాటినవారిలో మొదటి విలువ 5 కంటే తక్కువైతే ఆ ఒక్క నమూనాతోనే గుండెపోటు లేదనవచ్చు. లేదా మొదటిది 12 కంటే తక్కువగా ఉండి, గంటలో మార్పు 3 కంటే తక్కువ కావాలి. మొదటిదే 52 లేదా అంతకు మించినా, గంటలో 5 లేదా అంతకు మించి మారినా గుండెపోటుగా భావించి చేర్చుకోవాలి. మధ్యలో మిగిలినవారికి 3 గంటల నమూనా, ఎకో (గుండె అల్ట్రాసౌండ్). ఆర్కిటెక్ట్ ట్రోపోనిన్ ఐలో ఇవే గీతలు 4, 5, 2, 64, 6 అవుతాయి. ఒక పరీక్ష గీతల్ని మరో పరీక్షకు వాడటానికి వీల్లేదు. ట్రోపోనిన్ టీ నుంచి ఐకి లెక్కగట్టి మార్చే సూత్రమేదీ లేదు కూడా. అందుకే ప్రతి విభాగంలో గోడ మీద అతికించే కాగితంపై ముందుగా తమ ల్యాబ్ పరీక్ష పేరు రాయమన్నాం.

విలువ పెరిగినంత మాత్రాన గుండెపోటు కాదన్నది మరో ముఖ్య పాఠం. 2018 నాటి నాలుగో సార్వత్రిక నిర్వచనం ప్రకారం ట్రోపోనిన్ 99వ పర్సెంటైల్ (ఆరోగ్యవంతుల్లో 99 శాతం మంది విలువ దీనికి లోపే ఉంటుంది) దాటాలి, పెరుగుదల లేదా తగ్గుదల కనిపించాలి, గుండెకు రక్తం అందడం లేదన్న ఆధారం (నొప్పి, ఈసీజీ మార్పు, ఎకో లాంటివి) కూడా ఉండాలి. కిడ్నీ జబ్బు, గుండె వైఫల్యం ఉన్నవారిలో విలువ తరచూ నిలకడగా ఎక్కువగానే ఉండి, రెండు నమూనాల మధ్య 20 శాతం లోపే కదులుతుంది. దాన్ని దీర్ఘకాలిక గుండె కండర నష్టం అంటాం.

ఇక కొలతలోని ఊగిసలాట. కంట్రోల్ నమూనాల (విలువ ముందే తెలిసిన నమూనాల) చార్టులు చూసే అలవాటు ఉన్న సభ్యులకు ఈ లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. విలువ 10 దగ్గర సీవీ (సగటుతో పోల్చిన ఊగిసలాట శాతం) 10 శాతం అయితే ఎస్‌డీ (ప్రామాణిక విచలనం) 1. ఒకే నమూనాను రెండుసార్లు నడిపితే తేడాకు ఎస్‌డీ 1.4, దాన్ని 1.96తో హెచ్చిస్తే 2.8. రోగి గుండెలో ఏ మార్పూ లేకపోయినా రెండు కొలతల మధ్య 2.8 దాకా తేడా మామూలే అన్నమాట. మన గీత 3 దగ్గర ఉంది. సీవీ 5 శాతానికి తెస్తే ఆ ఊగిసలాట 1.4కి పడిపోతుంది. 99వ పర్సెంటైల్ దగ్గర సీవీ 10 శాతానికి మించకూడదన్నది హై సెన్సిటివిటీ పరీక్షకు కనీస అర్హత. గంట పద్ధతి నడపడానికి అది చాలదని మన అభిప్రాయం. మొదటి నమూనా ఒక ఎనలైజర్‌లో, రెండోది పక్క ఎనలైజర్‌లో నడిపితే వాటి మధ్య ఉన్న తేడా కూడా కలుస్తుంది. ఒక రోగి జత నమూనాలు ఒకే యంత్రంలో, ఒకే రీఏజెంట్ లాట్‌తో (ఒకే విడతలో తయారైన పరీక్ష రసాయనంతో) నడవాలి.

కంపెనీలు ఇచ్చే కంట్రోల్స్ చాలావరకు ఎత్తు విలువల్లో ఉంటాయి. వందల్లో ఉన్న కంట్రోల్ సరిగ్గా వచ్చిందని 5 దగ్గర యంత్రం బాగుందని చెప్పలేం. రోగుల నమూనాల్లో మిగిలిన ప్లాస్మాను కలిపి, 99వ పర్సెంటైల్ దగ్గర ఒకటి, ఇంటికి పంపే గీత దగ్గర ఒకటి పూల్ తయారుచేసి, చిన్న ట్యూబుల్లో పోసి మైనస్ 70 డిగ్రీల కింద దాచి, రోజూ ఒకటి కరిగించి నడిపే పద్ధతిని సభ్య ల్యాబులకు నేర్పాం. లాట్ మారినప్పుడు పాత లాట్, కొత్త లాట్‌ల మీద ఇదే పూల్ నడిపితే తేడా అదే రోజు బయటపడుతుంది.

ట్యూబ్‌లో ఏం చెడుతుంది

రక్తకణాలు చిట్లిన నమూనా ఎలెక్సిస్ ట్రోపోనిన్ టీ విలువను తగ్గించి చూపుతుంది. కొన్ని ట్రోపోనిన్ ఐ పరీక్షల్లో పెంచుతుంది. పొటాషియాన్ని ఎప్పుడూ పెంచుతుంది. ఎమర్జెన్సీలో ఇది ఎక్కువ కావడానికి ప్రధాన కారణం అప్పుడే వేసిన ఐవీ కాన్యులా నుంచి సిరంజితో గట్టిగా లాగడం. వీలైతే విడిగా 21 గేజ్ సూదితో తీయాలి, చేతికి బిగించిన కట్టు నిమిషం లోపు విప్పాలి, చర్మానికి రాసిన స్పిరిట్ ఆరనివ్వాలి. హెపారిన్ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) ఉన్న ట్యూబును ఎనిమిది నుంచి పదిసార్లు నెమ్మదిగా తలకిందులు చేయాలి, ఊపకూడదు.

బ్లడ్ గ్యాస్ మెషీన్‌లో వచ్చిన పొటాషియంతో ప్రత్యేక జాగ్రత్త అవసరం. అందులో నమూనాను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పరు కాబట్టి చిట్లిన రంగు కంటికి కనబడదు. 7 వచ్చినా ఈసీజీలో టీ తరంగాలు మామూలుగా ఉంటే వెంటనే మరో నమూనా పంపండి. ఈసీజీ మారి ఉంటే మాత్రం ఫలితం కోసం ఆగకుండా చికిత్స మొదలుపెట్టాలి. పొటాషియం ఎక్కువై, కాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ రెండూ బాగా పడిపోతే ఊదా మూత ట్యూబులోని ఈడీటీఏ (గడ్డకట్టకుండా ఆపే రసాయనం) కలిసిందని అనుమానించాలి.

సీరమ్ ట్యూబు గడ్డకట్టడానికి కనీసం 30 నిమిషాలు కావాలి. రోగికి అప్పటికే హెపారిన్ ఇచ్చి ఉంటే పూర్తిగా గడ్డకట్టదు. మిగిలిన సన్నని ఫైబ్రిన్ పోగులు ఎనలైజర్‌లోకి వెళ్లి ట్రోపోనిన్‌ను లేనిపోని ఎత్తులో చూపుతాయి. లిథియం హెపారిన్ ప్లాస్మా వాడితే సమయం కలిసొస్తుంది, ఈ బాధ తగ్గుతుంది, పూర్తిగా పోదు. అనుమానం వస్తే పై ద్రవాన్ని వేరే ట్యూబులోకి మార్చి, మళ్లీ తిప్పి, మళ్లీ నడపాలి. జెల్ ట్యూబునే రెండోసారి తిప్పితే జెల్ కింద ఉన్న పొటాషియం పైకి వస్తుంది. మొదటిది సీరమ్, రెండోది ప్లాస్మా అయితే ఆ జతను పోల్చకూడదు.

జుట్టు, గోళ్ల కోసం ఎక్కువ మోతాదు బయోటిన్ (ఒక బి విటమిన్) మింగేవారిలో బయోటిన్, స్ట్రెప్టావిడిన్ జోడీతో పనిచేసే కొన్ని ట్రోపోనిన్ పరీక్షలు తక్కువ విలువ చూపవచ్చు. అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే దీనిపై హెచ్చరించింది. రోగి చరిత్ర అడిగే కాగితంలో ఈ ప్రశ్న చేర్చాం. దీనికి ఎదురు, హెటిరోఫైల్ యాంటీబాడీలు (కొందరి రక్తంలో ఉండి పరీక్షకు అడ్డుపడే ప్రతిరక్షకాలు) తప్పుడు ఎత్తును ఇస్తాయి. అలాంటి విలువ గంటలు గడిచినా కదలదు, పలుచన చేస్తే నిష్పత్తిలో తగ్గదు, మరో కంపెనీ పరీక్షలో మాయమవుతుంది.

నమూనా తీసినప్పటి నుంచి ఫలితం డాక్టరు చేతికి వచ్చేదాకా 60 నిమిషాలు మించకూడదన్నది లక్ష్యం. ఆలస్యం ఎక్కడ జరుగుతుందో చూడాలంటే ఒక్క మొత్తం సమయం చాలదు. తీయడం, ల్యాబుకు చేరడం, సెంట్రిఫ్యూజ్‌లో పెట్టడం, ఫలితం ధ్రువీకరించడం విడివిడిగా రాయాలి.

పరిశోధన పద్ధతుల తరగతులు

రోగనిర్ధారణ పరీక్షల మీద వ్యాసాలు చదివేటప్పుడు ఎన్‌పీవీ ('లేదు' అని తేలినవారిలో నిజంగా జబ్బు లేనివారి శాతం) 99 శాతం అన్న మాటకు లొంగిపోవడం సులువు. లెక్క కోసం 1000 మందిని తీసుకుందాం, వారిలో 100 మందికి గుండెపోటు. పరీక్ష సెన్సిటివిటీ (జబ్బున్నవారిని పట్టుకునే శాతం) 95, స్పెసిఫిసిటీ (జబ్బు లేనివారిని లేదనే శాతం) 50 శాతం. ఐదుగురు తప్పిపోతారు, 'లేదు' అన్న 455 మందిలో 450 మందికి నిజంగా లేదు. ఎన్‌పీవీ 98.9 శాతం. వినడానికి గొప్పగా ఉన్నా, వందలో ఐదుగురు గుండెపోటు రోగులు ఇంటికి వెళ్లారు. జబ్బు తక్కువగా ఉన్న గుంపులో ఎన్‌పీవీ దానంతటదే పెరుగుతుంది. ముందుగా సెన్సిటివిటీ, దాని విశ్వాస అవధి (నిజమైన విలువ ఉండగల పరిధి) కింది అంచు చూడండి. అదే ట్రోపోనిన్‌ను తుది నిర్ధారణలో కూడా వాడారా అన్నది రెండో ప్రశ్న. వాడి ఉంటే పరీక్షకు తానే సాక్ష్యం చెప్పుకున్నట్టవుతుంది.

స్కాట్లండ్‌లోని 10 ఆసుపత్రుల్లో 48,282 మందితో జరిగి 2018లో వెలువడిన హై స్టీక్స్ ట్రయల్‌ను లోతుగా చర్చించాం. లాటరీ పద్ధతిలో ఎంచిన ఐదు ఆసుపత్రులు ముందుగా, మిగిలిన ఐదు తర్వాత కొత్త పరీక్షకు మారాయి. ట్రోపోనిన్ పెరిగిన 10,360 మందిలో 1,771 మందిని కొత్త పరీక్ష మాత్రమే గుర్తించింది. అయినా ఏడాదిలో మళ్లీ గుండెపోటు, గుండె సంబంధ మరణాలు తగ్గలేదు. ఎక్కువమందిని గుర్తించడం ఒక పని, వారికి ఏం చేయాలో తెలియడం వేరే పని. మన సభ్యుల్లో చాలామంది ఈ రెండో దానిపైనే తదుపరి అధ్యయనాలు రావాలన్నారు, కార్యవర్గమూ ఏకీభవిస్తోంది.

అత్యవసర పరిశోధనలో సమ్మతి మీద జరిగిన చర్చ వేడిగానే సాగింది. గుండె ఆగిన మనిషిని సంతకం అడగలేం. ప్రతినిధి అందుబాటులో లేక, ఆలస్యం చేయలేని పరిస్థితిలో, నీతి సంఘం ముందే ఆమోదించిన ప్రోటోకాల్ ఉంటే అధ్యయనం సాగించవచ్చని, వీలైనంత త్వరగా రోగి నుంచో ప్రతినిధి నుంచో సమ్మతి తీసుకోవాలని హెల్సింకి ప్రకటన చెబుతుంది. బ్రిటన్‌లో 8,014 మందితో జరిగిన పారామెడిక్ 2 ట్రయల్ ఉదాహరణగా తీసుకున్నాం. అడ్రినలిన్ ఇచ్చినవారిలో 30 రోజులకు 3.2 శాతం, ఇవ్వనివారిలో 2.4 శాతం బతికారు. మెదడు బాగా పనిచేసే స్థితిలో బతికినవారి శాతంలో మాత్రం స్పష్టమైన తేడా తేలలేదు. ఇలాంటి సత్యం సమ్మతి నియమాలను జాగ్రత్తగా అమలుచేయకపోతే మనకు ఎప్పటికీ దొరికేది కాదు.

సీపీఆర్ శిక్షణ

మామూలు సభ్యుల కోసం నడిపిన శిక్షణ ఎప్పటిలాగే కొనసాగింది. 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, ప్రతి నొక్కు తర్వాత ఛాతీ పూర్తిగా పైకి రానివ్వడం, రెండు నిమిషాలకోసారి మనిషి మారడం. ఎగశ్వాసను మామూలు శ్వాస అనుకుని ఆగిపోవడం అన్నిటికంటే ప్రమాదకరమని వీడియోలతో చూపించాం.

లెక్కలు, వచ్చే ఏడాది

ఆడిట్ చేసిన జమాఖర్చుల పట్టిక విడిగా సర్వసభ్య సమావేశంలో అందుతుంది. వచ్చే ఏడాది తక్కువ విలువల పూల్‌ను సభ్య ల్యాబుల మధ్య పంచుకుని ఫలితాలు పోల్చే కార్యక్రమం మొదలవుతుంది. పాల్గొనదలచిన ల్యాబులు తమ ఎనలైజర్ పేరు, పరీక్ష తరం, వాడే ట్యూబ్ రకం, 99వ పర్సెంటైల్ దగ్గర సీవీ రాసి కార్యదర్శికి ఇవ్వాలి. సీవీ ఇంకా కొలవనివారు ఒకే పూల్‌ను 20 రోజులు, రోజుకు రెండుసార్లు నడిపి లెక్కగట్టండి. అందుకు కావలసిన ట్యూబులు సంఘం సమకూరుస్తుంది.

కార్యవర్గం తరఫున