అమ్మమ్మ ఫైలు

చిన్నా,

ఎలా ఉన్నావు? ఇక్కడ అందరం బాగున్నాం. నాన్నగారి మోకాలి నొప్పి తగ్గింది. నువ్వు ఫోన్ చేసి పన్నెండు రోజులైంది. దానికోసం రాయడం లేదులే, నీకు పనులుంటాయి.

మొన్న అలమర సర్దుతుంటే నా డీటీపీ రోజుల నాటి లాక్ దొరికింది. ఆకుపచ్చ ప్లాస్టిక్ ముక్క, ఒక పిన్ను వంగిపోయి ఉంది. అది కంప్యూటర్ వెనకాల తగిలిస్తేనే ఆ తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకునేది. అమ్మమ్మ మంచం మీద పడుకుని తన చిన్ననాటి సంగతులు చెబుతుంటే, రెండు వేసవులు కూర్చుని 140 పేజీలు అందులోనే కొట్టాను. తర్వాత లాక్ పాడైంది. కంపెనీకి ఫోన్ చేస్తే కొత్త వెర్షన్ కొనమన్నారు, పాత ఫైళ్లు అందులో తెరుచుకోవన్నారు. ఏడాది తిరిగేసరికి ఆ నంబరే పనిచేయలేదు. ఫైలు మాత్రం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. తెరిస్తే అమ్మమ్మ మాటలకు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు. ఆ ఫాంటు మన అక్షరాలను ఇంగ్లిష్ అక్షరాల చోట కూర్చోబెట్టింది మరి. ప్రతి భాష అక్షరానికీ ఒక సొంత సంఖ్య ఇచ్చే ప్రమాణం యూనికోడ్. అందులో తెలుగుకు 1991 నుంచే సొంత చోటు ఉంది. మా పనిలోకి అది వచ్చేసరికి చాలా ఆలస్యమైంది. ప్రూఫు కోసం తీసిన 38 పేజీల ప్రింటు ఉంటే, వాటిని మళ్లీ లిబ్రెఆఫీస్‌ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో కొట్టుకున్నాను. మిగతా 102 పేజీలు మళ్లీ చెప్పడానికి అమ్మమ్మ లేదు.

అందుకే నీ రాతలు ఓడీటీలో, అంటే లిబ్రెఆఫీస్ దాచే ఫైలు రూపంలో, దాచుకోమంటాను. అది 2006 నుంచి ఐఎస్ఓ అనే అంతర్జాతీయ సంస్థ ప్రమాణం. ఫైలు లోపల ఏది ఎలా ఉంటుందో అందరికీ తెలిసేలా రాసిపెట్టారు. రేపు లిబ్రెఆఫీస్ లేకపోయినా దాన్ని తెరిచే ప్రోగ్రాం ఇంకెవరైనా రాయగలరు.

సరళ పిన్ని ఒక మాట చెప్పింది. నీ నంబరు నుంచి వాట్సాప్ మెసేజ్ వచ్చిందట: "పిన్నిగారూ, మీకు ఆరంకెల కోడ్ వస్తుంది, కాస్త పంపండి" అని. నువ్వు ఆవిడను ఏనాడూ గారు అనలేదు. అందుకే అనుమానం వచ్చి పంపలేదు. నాకు టెన్షన్ అంతా నీ గురించే. ఇలాగే ఎవరో అడిగితే నువ్వు కోడ్ ఇచ్చావా? ఆ కోడ్ ఉంటే నీ అకౌంట్‌ను వాళ్ల ఫోన్‌లో తెరుచుకుంటారు. నీ నంబరుతో మళ్లీ రిజిస్టర్ చేసుకో, లింక్ అయిన డివైసులన్నీ తీసెయ్, రెండంచెల పిన్ పెట్టుకో. ఈ రోజే చెయ్.

ఆ క్రాక్ చేసిన వీడియో ఎడిటర్ సంగతి కూడా. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అది యాంటీవైరస్ ఆపమని అడిగితే నువ్వు ఆపేశావు, నేను పక్కనే ఉన్నాను. నీ పాస్‌వర్డులన్నీ ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి కదా నాన్నా. వీడియోలకు కేడెన్‌లైవ్ ఉంది, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, అంటే ఎవరైనా వాడుకోవచ్చు, లోపలి కోడ్ చూడొచ్చు, దొంగతనంగా తెచ్చుకోనక్కర్లేదు. పాస్‌వర్డులు దాచుకోవడానికి కీపాస్ఎక్స్‌సీ అనే ప్రోగ్రాం వాడు. పాస్‌వర్డుల ఫైలు నీ దగ్గరే ఉంటుంది, కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో పెట్టు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ప్రమాదం లేదనను. 2024లో ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్లను కుదించే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ఎవరో దొంగదారి పెట్టారు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి చూస్తే బయటపడింది. చూడాలనుకున్నవాడికి లోపల చూసే వీలు ఉంది. నా లాక్ లోపల ఏముందో చూసే వీలు ఎవరికీ లేకపోయింది.

ఉపన్యాసం ఇవ్వకూడదనే మొదలుపెట్టాను. కళ్లజోడు మార్పించుకున్నావా? రాత్రి ఎంతకు పడుకుంటున్నావు? ముందు పిన్నికి ఫోన్ చెయ్, మెసేజ్ వద్దు, గొంతు వినపడాలి. తర్వాత నాకు.

అమ్మ