గాలి కొలవకుండానే ఇల్లు అప్పగిస్తారా?

సంపాదకులకు,

కొత్త ఇళ్లలో పెడుతున్న ఎగ్జాస్ట్ ఎయిర్ హీట్ పంపుల (ఇంట్లోంచి బయటికి పోయే గాలిలోని వేడిని పట్టి మళ్లీ ఇంటికే అందించే యంత్రాల) గురించి పోయిన వారం మీరు వేసిన కథనం చదివాను. ఇంటిని వెచ్చగా ఉంచడానికీ, చల్లబరచడానికీ, గాలి మార్చడానికీ ఒక్క యంత్రం చాలన్నారు. ఇంకెవరైనా జవాబు రాస్తారేమోనని నాలుగు రోజులు చూశాను. ఆ యంత్రంతో రెండు చలికాలాలు గడిపినవాణ్ణి కాబట్టి ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

యంత్రాన్ని నేను తప్పుపట్టడం లేదు. వంటగది, స్నానాలగదుల నుంచి బయటికి పోయే గాలి చలికాలంలోనూ 20 డిగ్రీలకు పైగా ఉంటుంది. వృథాగా పోయే ఆ వేడిని పట్టి నీళ్లకూ గదులకూ అందించడం మంచి ఆలోచనే. స్వీడన్‌లో 1980ల నుంచి వీటిని విరివిగా వాడుతున్నారు. కానీ ఊట ఎంతో చేద అంతే, బయటికి పోయే గాలి ఎంతో దక్కే వేడీ అంతే. అక్కడి నిబంధన ప్రకారం చదరపు మీటరుకు సెకనుకు 0.35 లీటర్ల గాలి మారాలి. అంటే 100 చదరపు మీటర్ల ఇంట్లో గంటకు సుమారు 125 ఘనపు మీటర్లు. ఆ గాలిని 20 నుంచి 5 డిగ్రీలకు చల్లార్చితే దక్కేది సుమారు 640 వాట్లు. గాలిలోని తేమ నుంచి వచ్చే వేడినీ, కంప్రెసర్ తీసుకునే కరెంటునూ కలిపినా ఒక కిలోవాటుకు కాస్త అటూ ఇటూ. ఈ చిన్న లెక్క మీ కథనంలో ఎందుకు లేదు?

సందులు లేకుండా కట్టిన ఇంటికి ఆ వేడి చాలావరకు సరిపోతుంది. కిటికీ చట్రాల పక్క నుంచి ఈదురుగాలి కొట్టే ఇంటికి చాలదు. అప్పుడు యంత్రంలోని కరెంటు హీటర్ అందుకుంటుంది. అది మామూలు హీటరే, తీసుకున్న కరెంటుకు మించి ఒక్క వాటు వేడి కూడా ఇవ్వదు. పోనీ ఫ్యాను వేగం పెంచుదామంటే, ఎంత గాలి బయటికి లాగితే అంత చలిగాలి లోపలికి వస్తుంది. చల్లబరచడమూ అంతే. లోపలికి వచ్చే ఆ కాస్త గాలినే చల్లబరచగలదు, అదీ కొన్ని రకాలు మాత్రమే. పడమటి కిటికీలోంచి పడే ఎండకు అది ఏ మూలకు?

మా ఇంట్లో తెల్లవారుజామున ఎప్పుడు లేచి చూసినా హీటర్ దీపం వెలుగుతూనే ఉండేది. యంత్రం సెట్టింగులు మేమే పాడుచేశామని బిల్డర్ మనుషులు ఆరు నెలలు వాదించారు. చివరికి నేనే స్నానాలగది జాలీకి పలుచని కాగితం ఆనించి చూశాను. గాలి లాగుతుంటే అంటుకోవాలి కదా, జారి కింద పడింది. అటక ఎక్కితే గాలిగొట్టం ఒకచోట నిలువునా మడతపడి ఉంది. ఇల్లు అప్పగించిన రోజు నుంచీ అలాగే ఉండి ఉంటుంది. మాకు ఇచ్చిన కాగితాల్లో మాత్రం అన్ని గదుల గాలి కొలతలూ ఒకే అంకె! వంటగదికీ, స్నానాలగదికీ, మరుగుదొడ్డికీ ఒకే కొలత ఎలా వస్తుంది? కొలిచి రాసినవాళ్లు అలా రాయరు.

ఆ కాగితాల మీద సంతకం పెట్టిన తనిఖీ అధికారి మా ఇంటికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. గచ్చు చూశారు, మెట్ల కటకటాలు ఊపి చూశారు, పది నిమిషాల్లో వెళ్లిపోయారు. కంటికి కనిపించేదే తనిఖీ అయిపోయింది ఈ రోజుల్లో. గోడ లోపల ఏముందో, అటక మీద ఏముందో ఎవరికీ పట్టదు. ఏళ్ల తరబడి కరెంటు బిల్లు కట్టేది వాళ్లు కాదు కదా.

50 పాస్కల్ ఒత్తిడితో ఇంటి సందులను పరీక్షించే పద్ధతి ఉంది. ప్రతి జాలీ దగ్గరా గాలిని కొలిచే పరికరం ఉంది. ఈ రెండు కొలతలూ ఇంటి యజమాని ఎదుట తీసి, హీటర్ ఎంత కరెంటు వాడుతోందో తెలిసేలా విడిగా మీటరు పెట్టిన తరువాతే తాళాలు ఇవ్వాలని నిబంధన పెట్టాలి. ఫిల్టరు ఎక్కడుందో, ఎప్పుడెప్పుడు శుభ్రం చేయాలో కూడా ఆ రోజే చూపించాలి. మాది తీసి చూసేసరికి దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంది.

మా ఇంట్లో ఆ కొలతలు ఎవరు, ఏ రోజు తీశారో చెప్పమని మూడుసార్లు రాతపూర్వకంగా అడిగాను. ఇంతవరకు జవాబు రాలేదు.

— ఒక పాఠకుడు