కూలెంట్ పదేపదే కారిపోవడానికి కారణం రాతపూర్వకంగా తెలపాలని కోరుతూ లగ్జరీ కార్ల కంపెనీకి ఫిర్యాదు లేఖ

నల్లగొండ,
12 మే 2025.

కస్టమర్ సేవల విభాగాధిపతి గారికి,

విషయం: 2022 జులైలో కొన్న పెట్రోలు ఎస్‌యూవీలో థర్మోస్టాట్ హౌసింగ్ (వేడిని బట్టి కూలెంట్ ప్రవాహాన్ని అదుపు చేసే భాగానికి తొడుగు) మళ్ళీ మళ్ళీ పాడవడం, వారంటీ నిరాకరణ, కారణం తెలపకపోవడం గురించి.

అయ్యా,

నేను నల్లగొండ పట్టణంలో చిన్నపిల్లల వైద్యుడిగా ప్రాక్టీసు చేస్తున్నాను. హైదరాబాద్‌లోని మీ అధీకృత డీలరు వద్ద మీ కంపెనీ కారును నా కుటుంబ అవసరాల కోసం కొన్నాను. రిజిస్ట్రేషన్, ఛాసిస్ నంబర్లతో పాటు ఇప్పటిదాకా చెల్లించిన బిల్లుల నకళ్ళు ఈ లేఖకు జతపరిచాను. ఈ కారులో ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ పదేపదే కారిపోతున్నదనీ, ఒకే భాగాన్ని మార్చి మార్చి బిగిస్తున్నారే తప్ప అది ఎందుకు పాడవుతున్నదో మీ వర్క్‌షాపు ఏ కాగితం మీదా రాసి ఇవ్వడం లేదనీ, పైగా ఆ నెపాన్ని నా మీదికి నెడుతున్నదనీ మీ దృష్టికి తెస్తున్నాను. డీలరుకు పంపిన ఈ-మెయిళ్ళకు "పరిశీలనలో ఉంది" అన్న ముక్క తప్ప జవాబు లేకపోవడంతో నేరుగా కంపెనీకే రాయవలసి వచ్చింది.

కారు షోరూం ధర 48 లక్షల రూపాయలు. ఇందులో అప్పటి జీఎస్టీ, సెస్సు కలిపి 50 శాతం రేటున పన్ను ఉంది. దానికి తోడు తెలంగాణ ప్రభుత్వానికి 18 శాతం చొప్పున ఎనిమిదిన్నర లక్షలకు పైగా జీవితకాల పన్ను కట్టాను. పన్నుల విషయంలో మీతో నాకు పేచీ లేదు. యూరప్ కార్ల నిర్వహణ ఖర్చు ఎక్కువన్న సంగతీ తెలిసే కొన్నాను. ఏటా సర్వీసుకు, టైర్లకు, బ్రేకు ప్యాడ్లకు మీరు అడిగినంత మారుమాట లేకుండా చెల్లించాను. 65వ నంబరు జాతీయ రహదారి మీద లారీల మధ్య ఈ కారు నిలకడ, బ్రేకుల పట్టు, గట్టిదనం మీరు చెప్పినట్టే ఉన్నాయని కూడా నిజాయితీగా రాస్తున్నాను. ఇంత మంచి బండి ఒక ప్లాస్టిక్ భాగం వల్ల నమ్మరానిదైపోవడమే నా బాధ.

2023 ఎండాకాలంలో మొదటిసారి డాష్‌బోర్డు మీద కూలెంట్ తక్కువగా ఉందన్న హెచ్చరిక వెలిగింది. హైదరాబాద్ తీసుకువెళితే మొదట కూలెంట్ నింపి పంపించారు. కొన్ని వారాలకే మళ్ళీ తగ్గడంతో, నీటి పంపు, థర్మోస్టాట్ రెండూ ఇమిడి ఉండే ప్లాస్టిక్ హౌసింగ్ కారుతున్నదని చెప్పి వారంటీ కింద మార్చారు. 2024 నవంబరులో అదే హౌసింగ్ అదే చోట మళ్ళీ కారింది. కంపెనీ వారంటీ అప్పటికి ముగిసినా, అది ముగియకముందే మరో రెండేళ్ళ ఎక్స్‌టెండెడ్ వారంటీకి నేను డబ్బు కట్టి ఉన్నాను. అయినా అది వర్తించదని చెప్పి 92,400 రూపాయలు వసూలు చేశారు. ఆ రోజు పట్టుబట్టి పాత భాగాన్ని వెంట తెచ్చుకున్నాను. రెండు ప్లాస్టిక్ ముక్కలను కలిపిన అతుకు ఒకవైపు సన్నగా విచ్చుకుని, కారిన కూలెంట్ ఎండిపోయి గులాబీ రంగు పెచ్చులా దాని అంచున గట్టిపడి ఉంది. రబ్బరు సీలు ఆనుకునే అంచు మీద స్కేలు పెట్టి చూస్తే, సమంగా ఉండవలసిన చోట మధ్యలో వంపు కంటికే కనిపిస్తున్నది. ఆ భాగం నా దగ్గర భద్రంగా ఉంది, దాని ఫొటోలు జతపరిచాను.

గత ఏప్రిల్ చివరి వారంలో, కంటి ఆపరేషన్ అయిన మా అమ్మగారిని తదుపరి పరీక్ష కోసం హైదరాబాద్ తీసుకువెళుతుండగా, చిట్యాల దాటగానే ఇంజిన్ వేడెక్కిందనీ వెంటనే ఆపాలనీ హెచ్చరిక వచ్చింది. ఎండ నడినెత్తికి వచ్చిన వేళ, డెబ్బై ఆరేళ్ళ మనిషిని కంటికి పచ్చ అద్దాలతో రోడ్డు పక్క హోటల్ రేకుల కింద కూర్చోబెట్టవలసి వచ్చింది. మీ రోడ్‌సైడ్ అసిస్టెన్స్ వారు మర్యాదగానే మాట్లాడారు. కానీ కారును మోసుకుపోయే బండి హైదరాబాద్ నుంచే రావాలి కాబట్టి మధ్యాహ్నం దాటిపోయింది. పరీక్షకు ఇచ్చిన సమయం తప్పిపోయింది. వర్క్‌షాపు వారు కారు చూసి, నవంబరులో వేసిన హౌసింగే కారుతున్నదని తేల్చారు. వేసిన భాగానికి ఏడాది వారంటీ ఉందని వారి బిల్లు మీదే అచ్చయి ఉన్నా, లేబర్, కూలెంట్, రేడియేటర్ ఫ్లషింగ్ పేరుతో మరో 41,000 రూపాయల ఎస్టిమేట్ ఇచ్చారు. నేను అంగీకరించలేదు. కారు ఇప్పటికీ వారి ఆవరణలోనే ఉంది.

వారంటీ వర్తించకపోవడానికి వారు నోటిమాటగా చెప్పిన కారణం విన్నప్పటి నుంచి నాకు మనసు కుదుటపడలేదు. "మీది నల్లగొండ కదా సార్, అక్కడి బోరు నీళ్ళు పోసి ఉంటారు, ఫ్లోరైడ్ నీళ్ళకు ఏ పార్టూ ఆగదు" అని సర్వీస్ అడ్వైజర్ పదిమందిలో అన్నారు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి మండలాల నుంచి వచ్చే పిల్లల పళ్ళ మీద ఫ్లోరైడ్ మచ్చలు చూస్తూ, తల్లులకు జాగ్రత్తలు చెబుతూ వృత్తి సాగించినవాడిని నేను. ఈ జిల్లా తరతరాలుగా పడ్డ కష్టాన్ని ఒక వారంటీ ఎగవేయడానికి సాకుగా వాడుకోవడం నాకు చాలా కష్టం కలిగించింది. మనసు నొచ్చుకున్న మాట అలా ఉంచి, ఆ ఆరోపణ నిజం కాదనడానికి మీ కాగితాలే సాక్ష్యం. ఈ కారులో కూలెంట్ ఎప్పుడు నింపినా మీ వర్క్‌షాపులోనే నింపారు, ప్రతిసారీ బిల్లు ఇచ్చారు. బయటి నీళ్ళు కలిస్తే కూలెంట్ పలచబడాలి; నవంబరు నాటి జాబ్ కార్డులో కూలెంట్ గాఢత సరిగ్గా ఉందని మీ టెక్నీషియనే టిక్కు పెట్టి సంతకం చేశాడు. బోరు నీళ్ళు కలిస్తే వాటిలోని కాల్షియం, మెగ్నీషియం కూడా కూలెంట్‌లో బయటపడాలి. ఏ మామూలు నీటి పరీక్షల ల్యాబు అయినా ఆ సంగతి తేల్చగలదు. ఇప్పుడు కారులో మిగిలి ఉన్న కూలెంట్‌ను నా సమక్షంలో సీసాలో తీసి, సీలు వేసి, ఇద్దరికీ సమ్మతమైన ల్యాబుకు పంపమని రాతపూర్వకంగా కోరాను. దానికీ జవాబు లేదు.

ఇంకొక సంగతి మీరు ప్రత్యేకంగా గమనించాలి. నా దగ్గర ఉన్న పాత హౌసింగ్ మీద ముద్రించిన పార్టు నంబరును, నవంబరు బిల్లులో రాసిన కొత్త హౌసింగ్ నంబరుతో పోల్చి చూశాను. అంకెలన్నీ ఒకటే, చివరి అక్షరం మాత్రం మారింది. తయారీలో మార్పు చేసినప్పుడే చివరి అక్షరం మారుతుందని మీ స్పేర్ పార్టుల కౌంటరులోని ఉద్యోగి స్వయంగా చెప్పారు. అంటే ఈ భాగాన్ని మీ ఇంజినీర్లు మధ్యలో ఒకసారి సవరించారు. అందులో ఏ లోటు కనిపించి సవరించారు? ఆ లోటు నా కారులోని భాగానికీ ఉండిందా? సవరించిన భాగం ఆరు నెలలైనా నిండకుండా ఎందుకు కారింది? ఈ ప్రశ్నలకు మీ దగ్గర జవాబు ఉండే తీరాలి, ఎందుకంటే కారణం తెలియకుండా ఏ కంపెనీ అచ్చును మార్చదు.

నాకు అర్థమైనంత వరకు రాస్తాను, తప్పయితే సరిదిద్దండి. ఇటువంటి హౌసింగులను గాజు పీచు కలిపిన నైలాన్‌తో చేస్తారు. గ్లైకాల్, నీరు కలిసిన కూలెంట్ ఒత్తిడితో, మరిగే వేడికి దగ్గరగా, ఏళ్ళ తరబడి దాని లోపల తిరుగుతుంటే ఆ నైలాన్ క్రమంగా బలం కోల్పోతుంది. వేడెక్కి చల్లారినప్పుడల్లా అతుకులు, సీలు అంచులు కొంచెం కొంచెంగా వంగుతాయి. నల్లగొండలో ఎండాకాలం 44, 45 డిగ్రీలకు చేరడం కొత్త కాదు. ఇక్కడ ఏసీ వేసుకుని టోల్‌గేటు వరుసలో నిలబడ్డ కారు ఇంజిన్ గదిలో ఎంత వేడి ఉంటుందో చల్లని దేశంలో కూర్చుని గీసిన డ్రాయింగులో లెక్క వేశారా లేదా అన్నది మీరే చెప్పాలి. మా వాతావరణం ఈ భాగానికి సరిపడదనుకుంటే, అమ్మేటప్పుడే ఆ మాట చెప్పి ఉండవలసింది.

జ్వరం తగ్గని పిల్లవాడికి జబ్బు పేరు చీటీ మీద రాయకుండా మందులు మాత్రం మార్చి మార్చి ఇస్తే ఏ తల్లీ నన్ను క్షమించదు. మీ వర్క్‌షాపు నా కారు విషయంలో చేస్తున్నది అదే. జాబ్ కార్డుల మీద "లీకేజీ గమనించాము, భాగం మార్చాము" అని ఉంటుంది. ఎందుకు లీకైందన్న గడి ప్రతిసారీ ఖాళీయే.

నల్లగొండలోనే బాగు చేయించుకోవచ్చు కదా అంటే అదీ కుదరదు. మా ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా ఇంజిన్లు విప్పి బిగిస్తున్న మెకానిక్ లీకు ఎక్కడుందో చేయి పెట్టి చూపించాడు, పార్టు దొరికితే తానే బిగిస్తానన్నాడు. అతనికి మీ హౌసింగ్ అమ్మరు. బిగించాక పంపును నడిపించి గాలి బుడగలు తీసేయడానికి కావలసిన మీ డయాగ్నోస్టిక్ సాఫ్ట్‌వేర్ బయటివారికి ఇవ్వరు. స్పేర్ పార్టులను, డయాగ్నోస్టిక్ పరికరాలను బయటి గ్యారేజీలకు అందనివ్వకపోవడం పోటీ చట్టానికి విరుద్ధమంటూ కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. ఆ ఉత్తర్వు మీద అప్పీళ్ళు నడిచిన మాట నిజమే, కానీ అందులో చెప్పిన ఇబ్బంది మాత్రం మా జిల్లాలో నేటికీ అలాగే ఉంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న ప్రారంభించిన రైట్ టు రిపేర్ (మరమ్మతు హక్కు) పోర్టల్ పరిధిలో మోటారు వాహనాలూ ఉన్నాయి. ఈ భాగం ధర, మరమ్మతు విధానం అక్కడ నాకు ఎందుకు దొరకవో కూడా తెలియజేయండి.

గేర్‌బాక్సు ఆయిల్ గురించి కూడా ఒక మాట. జీవితకాలం మార్చనక్కరలేదని మీ డీలరు చెబుతున్నారు. ఎన్నో యూరప్ కార్లకు గేర్‌బాక్సులు చేసి ఇచ్చే జర్మనీ సంస్థ జెడ్‌ఎఫ్ మాత్రం తన ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య ఆయిల్ మార్చుకోమని సలహా ఇస్తుంది. మీ లెక్కలో జీవితకాలం అంటే వారంటీ ఉన్నంత కాలమా, కారు తిరిగినంత కాలమా అన్నది రాసి ఇవ్వండి. హౌసింగ్‌తో పడ్డ అవస్థ గేర్‌బాక్సుతో పడే స్తోమత నాకు లేదు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(11) ప్రకారం, వినియోగదారుడికి అవసరమైన సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా తొక్కిపెట్టడం కూడా సేవాలోపమే. భాగం ఎందుకు సవరించారో, ఎందుకు పాడైందో మీకు తెలిసి నాకు చెప్పకపోవడం ఆ నిర్వచనంలోకే వస్తుందని నేను భావిస్తున్నాను.

కాబట్టి ముందుగా, హౌసింగ్ పాడవడానికి కారణమేమిటో మీ ఇంజినీరింగ్ విభాగం సంతకంతో రాసి ఇవ్వండి. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. కారణం తెలిస్తే ఈ కారును ఉంచుకోవాలో అమ్మేయాలో నేను నిర్ణయించుకోగలను. తెలియకపోతే ఉచితంగా మార్చి ఇచ్చిన భాగాన్ని కూడా నమ్మి అమ్మగారిని ఆ కారెక్కించలేను. కూలెంట్ నమూనాను నా ఎదుట సీలు వేసి పరీక్షకు పంపండి. దానిలో బోరు నీళ్ళ జాడ ఉంటే పరీక్ష ఖర్చు, మరమ్మతు ఖర్చు రెండూ నేనే భరిస్తాను. లేకపోతే నవంబరులో తీసుకున్న 92,400 రూపాయలు తిరిగి ఇచ్చి, ఇప్పటి మరమ్మతు పూర్తిగా మీ ఖర్చుతో చేసి, నీళ్ళ గురించి అన్న మాట తప్పని అదే వర్క్‌షాపు నుంచి లేఖ ఇప్పించండి. కొత్తగా వేసే హౌసింగ్‌కు, అది కారితే ఇంజిన్‌కు కలిగే నష్టానికి, నా ఎక్స్‌టెండెడ్ వారంటీ ముగిసేదాకా కంపెనీ పూచీ రాతలో ఉండాలి.

ఈ లేఖ అందిన 30 రోజుల్లోగా సమాధానం రాకపోతే నల్లగొండలోని జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేస్తాను. కారుకు చెల్లించిన ధర జిల్లా కమిషన్ పరిమితి అయిన 50 లక్షలకు మించలేదు, ఫిర్యాదుదారుడు నివసించే చోటే కేసు వేసుకునే వీలును సెక్షన్ 34 కల్పిస్తున్నది. వస్తువును ల్యాబు పరీక్షకు పంపే అధికారం సెక్షన్ 38 కింద కమిషన్‌కు ఉంది కనుక, కూలెంట్‌తో పాటు నా దగ్గర ఉన్న పాత హౌసింగ్‌ను కూడా అక్కడ సమర్పిస్తాను. అప్పటిదాకా కారులోని కూలెంట్‌ను గానీ, ఇప్పుడు బిగించి ఉన్న హౌసింగ్‌ను గానీ నా రాతపూర్వక అనుమతి లేకుండా తీసివేయవద్దని మీ డీలరుకు ఈ రోజే ఆదేశాలు పంపగలరు.

ఇట్లు,
భవదీయుడు,
చిన్నపిల్లల వైద్యుడు, నల్లగొండ.

జతపరిచినవి: కొనుగోలు బిల్లు, ఎక్స్‌టెండెడ్ వారంటీ పత్రం, 2023 నుంచి నేటి వరకు జాబ్ కార్డులు, బిల్లులు, ఏప్రిల్ ఎస్టిమేట్, పాత హౌసింగ్ ఫొటోలు, డీలరుకు పంపిన ఈ-మెయిళ్ళ ప్రతులు.