పిల్లలకి చంద్రుణ్ణి పౌర్ణమి నాడు కాదు, అష్టమి నాడు చూపిద్దాం

ఎడిటర్ గారికి నమస్కారం.

సూపర్‌మూన్ వచ్చిందంటే చాలు పేపర్లన్నీ పెద్ద ఫోటో వేస్తాయి, అది చూసి మా కాలనీ పిల్లలంతా టెలిస్కోప్‌లో చూపించండి అంకుల్ అని మా డాబా ఎక్కేస్తారు. చూస్తే ఏముంది, కళ్ళు జిగేల్మనడం తప్ప. పౌర్ణమి నాడు ఎండ మన వెనక నుంచి వెళ్ళి నేరుగా పడుతుంది కాబట్టి అక్కడ నీడలే ఉండవు, నీడ లేకపోతే ఏది గుంటో ఏది గుట్టో ఎలా తెలుస్తుంది చెప్పండి. టైకో అనే క్రేటర్ (పెద్ద గుంట) నుంచి నలువైపులా పోయే తెల్ల చారలు మాత్రం ఆ రోజే బాగుంటాయి, అది నిజం.

అసలు చూడాల్సింది వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర. అక్కడ అప్పుడే తెల్లారుతుంటుంది, ఎండ ఏటవాలుగా పడి చిన్న గట్టుకి కూడా బారెడు నీడ వస్తుంది. ఆ గీత ఎక్కడుందో తెలియడానికి యాప్ కూడా అక్కర్లేదు సార్, మీరు రోజూ వేసే పంచాంగం చాలు, ఒక్కో తిథికి చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు జరుగుతాడు కదా, ఆ లెక్కన సరిగ్గా సగం చంద్రుడు శుక్ల అష్టమి మధ్యలో వస్తాడు. అటూ ఇటూగా ఆ గీత దగ్గర షష్ఠికి థియోఫిలస్ క్రేటర్, అష్టమికి టోలెమేయస్ క్రేటర్, నవమికి స్ట్రెయిట్ వాల్ అనే 110 కిలోమీటర్ల నల్ల గీత, దశమికి కోపర్నికస్ క్రేటర్. అష్టమి నవమి అని మనం ఏ పనీ మొదలుపెట్టం గానీ దీనికి మాత్రం వాటిని మించిన రోజుల్లేవు.

కోపర్నికస్ 93 కిలోమీటర్ల వెడల్పు, దగ్గర దగ్గర 4 కిలోమీటర్ల లోతు. ముందు లోపలంతా నలుపే, ఎండ తగిలే ఎదురుగోడ ఒక్కటే మెట్లు మెట్లుగా మెరుస్తుంటుంది, తర్వాత నడిమధ్య కొండల మొనలు ఆ చీకట్లో ఒక్కొక్కటే వెలుగుతాయి, కింద నేల ఇంకా కనపడదు. కదలకుండా గంటా రెండు గంటలు చూస్తే నీడ తగ్గడం తెలిసిపోతుంది, వెలుగూ చీకటీ కలిసే ఆ గీత చంద్రుడి మధ్యరేఖ దగ్గర గంటకి 15 కిలోమీటర్లు నడుస్తుంది మరి, మనం సైకిల్ తొక్కే స్పీడు. చీకట్లో వెలిగే ఇలాంటి మొనల్ని పట్టుకునే గెలీలియో అక్కడి కొండల ఎత్తు లెక్కగట్టాడు.

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగింది కూడా శుక్ల సప్తమి నాడే, అక్కడ తెల్లారాక సోలార్ ప్యానెళ్ళకి ఎండ తగిలేలా చూసుకుని దించారు. ఏటా ఆ తేదీన స్కూళ్ళలో స్పేస్ డే చేస్తున్నారు, సంతోషం, కానీ చంద్రుణ్ణి చూపించే ప్రోగ్రాం మాత్రం దగ్గర్లో ఉన్న శుక్ల అష్టమి సాయంత్రానికి పెట్టమని మీ పేపర్ ద్వారా టీచర్లని కోరుతున్నాను. 114 ఎంఎం వెడల్పు అద్దం ఉన్న చిన్న టెలిస్కోప్ సరిపోతుంది, సిటీ లైట్లు కూడా దీనికి అడ్డు కావు. మీరు కూడా షష్ఠి నుంచి దశమి దాకా పంచాంగం పక్కన ఆ రోజు ఏ క్రేటర్ చూడొచ్చో ఒక్క లైన్ వేయండి సార్.

– ఒక పాఠకుడు, హైదరాబాద్